నంగలిలో తోక

పొద్దు వాలితే మారమ్మ గడప పక్కన మన్ను మీద చెంబెడు నీళ్ళు చిలకరిస్తుంది. మన్ను కదిలి రెండు తలల పాము పైకి వస్తుంది. కరవదు, బుస కొట్టదు, ఎలుక దొరికితే చాలు దానికి. అంత సాధు ప్రాణి కేజీఎఫ్ బంగారు గనుల కూలీ లైన్ల ఇళ్ళలో మనుషుల్లో కూడా లేదులెండి.

దాని తల ఇక్కడుంటే తోక ఎక్కడో ఆంధ్రా సరిహద్దున నంగలిలో ఉంటుంది. మధ్య ఒళ్ళంతా ముళబాగిలు మీదుగా మట్టి కింద పడుకుని ఉంటుంది. ఆంధ్రా చెక్‌పోస్టు మాత్రం దాటదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒక కొసన తడితే రెండో కొసన తెలుస్తుంది, అంతే.

గనులు మూసేశాక లైనంతా ఖాళీ అయింది. పక్కింటి చెన్నమ్మ కూడా కోలారుకు పోయింది. మారమ్మ మొగుడు నరసింహప్ప పనిలేక మూల కూర్చున్నాడు. "గనిలో ఉన్నంత వరకే మగోడివి, పైన దేనికీ పనికిరావు" అని ఒకనాడు ఆమె నోరు జారింది. అతను చెప్పులైనా వేసుకోకుండా పోయి నంగలిలో ఇటుకల బట్టీలో చేరాడు. పిలిస్తే వస్తానని బస్సులో అందరికీ చెప్పాడట.

పోయి బతిమాలడానికి ఈవిడకు మొహం చెల్లలేదు. అందుకని ఏళ్ళ తరబడి, రోజూ పాము తల మీద వేలితో ఒక్కసారి తట్టేది. జవాబు రాదు. ఒక్క మనిషికి సంగటి కెలుక్కుని, గోడతో రెండు మాటలాడి పడుకునేది. ఒంటరితనానికి ఏడుపొచ్చేది, పాపం.

ఒక మధ్యాహ్నం, ఒకప్పుడు గనిలో చేసి ఇప్పుడు నంగలి బస్సు కండక్టరైన మునేష్ నీళ్ళు తాగడానికి వచ్చాడు.

"అక్కా, బావ నిన్న నా ముందర ఏడ్చినాడు. దినామూ తోక మీద చెయ్యి పెట్టుకోని కూచోనుంటాడు. 'రావద్దని బెల్లు కొడతా ఉండాదిరా మీ అక్క' అంటాడు."

"రావద్దనా? నేను పిలస్తా ఉండాను కదప్పా."

"ఎన్ని కొడతావు?"

"ఎన్నేంది? ఒకటి."

మునేష్ నెత్తి పట్టుకున్నాడు. "గని షాఫ్టులో ఒక బెల్లు కొడితే మనుషుల్ని దించి ఎక్కించే కేజు నిలిచిపోతాదక్కా. మనిషి పైకి రావల్లంటే మూడు. మైన్సులో చేసినోని పెండ్లానివి, ఇది తెలీదా?"

"ఎట్ల తెలుస్తాది? ఎప్పుడన్నా ఆడోళ్ళను లోపలికి రానిస్తిరా?"

మునేష్ బస్సుకు పోగానే మారమ్మ చెంబు అందుకుంది. ఎండవేళ లేపినందుకు పాము విసుక్కుంటూ తల బయటపెట్టింది. వేలితో మూడుసార్లు తట్టి, అరచెయ్యి దాని మీదే ఉంచింది.

చాలాసేపు ఏమీ లేదు. మొగుడు తోక దగ్గర లేక బట్టీ పనిలో ఉంటాడేమో, ఇంక మనసు విరిగిపోయిందేమో అనుకుంది. అంతలో ముళబాగిలు దిక్కు నుంచి మన్ను సన్నగా కదులుతూ వచ్చింది. చేతికింద పాము ఒళ్ళు మూడుసార్లు అదిరింది. మారమ్మ అక్కడే కూలబడి కరువుతీరా ఏడ్చింది.

సాయంత్రం బస్సులో నరసింహప్ప దిగాడు, మోకాళ్ళ దాకా ఇటుక మన్నుతో. గడప బయటే నిలబడ్డాడు.

"పిలిచినావు" అన్నాడు.

"ఇన్నేండ్లూ పిలస్తానే ఉండినా" అంది మారమ్మ. "పిలిచేది ఎట్లనో తెలీకపోయె."