నా మొనకు గుచ్చిన నిమ్మకాయ

నేను ఒక కత్తిని. జావా దీవిలో పుట్టాను. అక్కడ నన్ను క్రిస్ అంటారు. ఏడు వంకరలు తిరిగిన ఒళ్లు నాది. ఇప్పుడు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ఊరి మ్యూజియంలో, బర్మా కత్తి, బోర్నియో కత్తి పక్కన, అద్దాల బీరువాలో పడుకుని ఉంటాను. నా కింద చీటీ మీద ‘శత్రువులను చంపేందుకు వాడిన విషపు ఆయుధం’ అని రాశారు. చదివినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. నిజం చెప్పనా? నేను ఇంతవరకు ఒక కోడిని కూడా కోయలేదు.

అక్కడి పెళ్లికొడుకులు నన్ను నడుము వెనక దోపుకునేవారు, నా బతుకంతా అలాగే గడిచింది. ఒకసారి పెళ్లికొడుకు ఎక్కిన ఓడ సమయానికి చేరకపోతే, అతని బదులు నన్నే పెళ్లికూతురి పక్కన పెట్టి తంతు కానిచ్చేశారు. మనుషులకు ముహూర్తం ముఖ్యం, మొగుడు తర్వాత. ఏటా ఒకసారి నన్ను నిమ్మరసంతో రుద్ది, పాషాణం పూసేవారు. అప్పుడే నా ఒంటి మీద ఇనుప మడతల చారలు వెండిలా తేలేవి. ఆ పూత అందం కోసమే. విషం దానితో పాటు వచ్చింది, నేను కోరుకోలేదు.

మలయాలోని పెనాంగ్ రేవులో పనిచేసే ఒక తెలుగు మేస్త్రీకి నా చివరి యజమాని నన్ను కానుకగా ఇచ్చాడు. ఇక్కడికి వచ్చాక కూడా మేస్త్రీ ఆ పూత మానలేదు. ఆయన పోయాక ఆయన మనవరాలు నన్ను మ్యూజియానికి అప్పగించింది.

మొన్న ఆయుధపూజ రోజు సంగతి ఇది. బీరువా అద్దానికి మాత్రమే బొట్టు పెట్టమని క్యూరేటర్ భానుమతి చెప్పింది. చీటీలు చదవడం రాని అటెండరు బంగారయ్యకు అది నచ్చలేదు.

“బీరువాకి బొట్టెడితే సరిపోద్దేటి? లోనున్నోల్లు ఊరుకుంతారా?” అని గొణుక్కుంటూ మమ్మల్నందరినీ బయటికి తీశాడు. కుంకుమ పెట్టి, ఒక్కొక్కరి మొనకు ఒక్కో నిమ్మకాయ గుచ్చాడు. నా మొన ఆ పులుపులో గంటసేపు నానింది. ఏళ్లనాటి పాషాణం కరిగి కాయలోకి దిగడం నాకు తెలుస్తూనే ఉంది. ఎంత దిగిందో మాత్రం తెలియదు.

అంతలో మమ్మల్ని చూడటానికి జావా నుంచి సుర్యాంతో అనే పెద్దాయన వచ్చాడు. చెప్పిన వేళకన్నా ముందే వచ్చాడు. బంగారయ్య కంగారుగా మమ్మల్ని తుడిచి, ఒరల్లో దూర్చి, బీరువాలో పెట్టేశాడు. భానుమతి షర్బత్ తెమ్మంది. వంటగదిలో నిమ్మకాయలు లేవు, అన్నీ పూజకే వచ్చేశాయి. బంగారయ్య నా మొన నుంచి తీసిన కాయనే పట్టుకెళ్లాడు.

“అమ్మోరికి సూపించిందే కదా, పెసాదవే.”

నాకు నోరుంటే కేక పెట్టేదాన్ని. రెండు గ్లాసులు వచ్చాయి. సుర్యాంతో తనది అందుకుని బర్మా కత్తి ముందు నిలబడ్డాడు. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది. ఏదో అడగాలని దించాడు. బోర్నియో కత్తి దగ్గర మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. నా దగ్గరికి వచ్చాక గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. భానుమతి బీరువా తెరిచింది. మావాళ్లు నన్ను ఒంటిచేత్తో పట్టుకోరు. రెండు చేతులతో ఎత్తి నుదుటికి తాకించుకున్నాడు.

“మనలాగే కళ్లకద్దుకుంటున్నారే!” అని భానుమతి నవ్వి, తన గ్లాసు ఎత్తింది.

‘నన్ను ఒరలోంచి తొందరగా లాగు’ అని వేడుకున్నాను. ఆయన నిదానంగా ఒర తీశాడు. నా మొన తడిగా, చారలు చెరిగి, తెల్లగా ఉంది. వాసన చూశాడు. నిమ్మ వాసన. ఆయన చూపు బల్ల మీది గ్లాసుకు మళ్లింది.

“తాగండి బాబూ, ఎండన పడొచ్చేరు,” అంటూ బంగారయ్య గ్లాసు అందించాడు.

సుర్యాంతో నన్ను బల్ల మీద పడేసి ఆ గ్లాసును ఒక్క దెబ్బతో ఎగరగొట్టాడు. భానుమతి ఇంకా గుటక వేయని గ్లాసునూ లాగేసుకున్నాడు. గాజు పగిలి నేలంతా చెదిరింది.

“నా సేతి నీల్లు తాగరేటి?” అన్నాడు బంగారయ్య. గొంతు పైకి లేవలేదు. ఆ మాట అతను ఇంతకుముందు కూడా ఎక్కడో అడగాల్సి వచ్చినట్టుంది.

సుర్యాంతో ఇంగ్లీషులో గబగబా చెబుతుంటే భానుమతి పాలిపోయింది.

“బంగారయ్యా, ఆ నిమ్మకాయ ఎక్కడిది?”

అతను నన్ను చూపించాడు.

“ఆ కత్తికి పాషాణం ఉంది. నువ్వు రుచి చూశావా? నిజం చెప్పు.”

అతను నేల మీది గాజు ముక్కల వైపు చూశాడు. నా ఇనుము చల్లబడిపోయింది. ఎన్నో పెళ్లిళ్లు చూసిన నేను, రోజూ నాకు దుమ్ము తుడిచే మనిషిని చంపానా?

“గెస్టులకిచ్చేది ఎంగిలి సేత్తానేటమ్మా?” అన్నాడు చివరికి, కోపంగా.

హమ్మయ్య అనుకునేలోపే అతని చెయ్యి చెమట తుడుచుకోవడానికి మొహం మీదికి లేచింది. వేళ్లకు ఇంకా రసం తడి ఉంది. సుర్యాంతో ఆ మణికట్టు గట్టిగా పట్టుకుని వరండాలోని కుళాయి దగ్గరికి లాక్కెళ్లాడు. సబ్బు తీసుకుని, ఒక్కొక్క వేలూ తానే కడగసాగాడు.

“పెద్దోరు, మీరు నా సేతులు కడగడవేటి బాబూ,” అని బంగారయ్య చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆయనకు తెలుగు రాదు. వదల్లేదు. గోళ్ల కిందా రుద్దాడు.

కడగడం అయ్యాక తన గొంతు చూపించి దాహం అన్నట్టు సైగ చేశాడు. బంగారయ్య కుండలోని మంచినీళ్లు తెచ్చి, గ్లాసు అందించలేక, పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సుర్యాంతో తనే అందుకుని, ఆగకుండా తాగేసి, ఇంకో గ్లాసు అడిగాడు.