వారంటీ తీరిన బండి, ముత్తయ్య మామ చెయ్యి

మేనమామ ముత్తయ్యను వెంటబెట్టుకొని కారు చూడబోవడం కంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని శశిధర్‌కు జనగామ స్టేషన్ దాటకముందే తెలిసొచ్చింది. రైలు కదిలిందో లేదో, మామ ఎదురు సీటు ముసలమ్మతో ముచ్చట మొదలుపెట్టాడు.

"మా అల్లుడు, అవ్వ. రైలు కొందామని వచ్చిండు. డబ్బా డబ్బా సూస్తుండు, ఒక్కటి నచ్చుతలేదు."

ముసలమ్మ శశిధర్ కాళ్ల వైపు చూసింది. "కొనుక్కోనియ్యి బిడ్డ. గని ముందుగాల మంచి చెప్పులు కొనుక్కోమను."

మామ సంగతి అంతే. అత్తగారి ఊరి ఆనవాయితీ అని నమ్మించి, పెళ్లికొడుకు శశిధర్‌తో పక్కింటి బర్రెకు మూడుసార్లు దండం పెట్టించిన మనిషి. నాలుగో తరగతితో బడికి నమస్కారం పెట్టి, మార్కెట్‌లో పత్తి బస్తాల మధ్య పెరిగాడు. "ఇంటి పెద్దమనిషి చూడకుండ పెద్ద వస్తువు కొనొద్దు" అని తల్లి పట్టుబట్టబట్టి గానీ, లేకపోతే శశిధర్ మహబూబాబాద్‌కు ఒక్కడే పోయేవాడు.

చూడబోయేది మామూలు కారు కాదు. ఏడుగురు కూర్చునే నల్లటి విదేశీ బండి. కొత్తదైతే కలలో కూడా అందదు. పాతది కాబట్టి అందింది. కంపెనీ వారంటీ తీరి ఏడాదైంది. విత్తనాల దుకాణం మీద నాలుగేళ్లు కూడబెట్టిందంతా దానికే పోతుంది. రేపు బండిలో ఒక్క సామాను చెడినా, వానాకాలానికి దుకాణంలో విత్తనాలు దింపుకునే దారుండదు. భార్య సౌమ్య ఈ మాట ఒక్కసారే అని ఊరుకుంది. కానీ భూపాలపల్లిలో సౌమ్య చెల్లెలి మొగుడు పెద్ద కారు కొన్న నాటి నుంచీ శశిధర్‌కు తిన్నది ఒంటబట్టడం లేదు.

మహబూబాబాద్‌లో దిగి దుకాణానికి పోయేసరికి బండి అద్దంలా మెరుస్తోంది. "డాక్టర్ సారు ఒక్కడే నడిపిండన్న," అన్నాడు బండ్ల దుకాణం ఆయన. "వారంటీదేమున్నది, కాగితం ముక్క. ఇంజన్ సప్పుడు ఇను."

శశిధర్ విన్నాడు. నడిపి చూశాడు. గతుకుల రోడ్డు మీద అది మజ్జిగలో వెన్నముద్దలా తేలుతూ పోయింది. తిరిగొచ్చేసరికి మనసు ఖాయమైపోయింది. బయానా ఇద్దామని జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పటికి మామ వెనక తలుపు తీసి, తల లోపల, కాళ్లు బయట పెట్టుకొని ఉన్నాడు.

"ఏమైంది పెద్దాయన?" అన్నాడు దుకాణం ఆయన.

"పొడుం డబ్బ పడ్డది బిడ్డ. ఆగు జర."

"నేను ఎతికిస్త, నువ్వు లే."

మామ లేవలేదు. చాలాసేపటికి బయటికొచ్చి చేతి వేళ్లు వాసన చూసుకున్నాడు. "అల్లుడా, ఈ బండి వద్దు."

శశిధర్‌కు చిర్రెత్తింది. "పరాచికాలకు యాళ్ల పాళ్ల లేదా మామ?"

మామ నవ్వలేదు. "నా మాట నమ్మకు. నువ్వు నమ్మకుంట నేనే చేసుకున్న. నీ చెయ్యి పెట్టి సూడు. ముప్పై ఏండ్లు పత్తి బస్తాలు సూసిన. పైన పత్తి అందరిది ఎండే ఉంటది. మోచెయ్యి దాక పోతెనే తడి తెలుస్తది."

శశిధర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. సీటు కింద కార్పెట్ అంచు లేపి చెయ్యి దూర్చాడు. పైన పొడిగా, సెంటు వాసనతో ఉంది. మోచెయ్యి దాకా పోయాక వేళ్లకు చల్లగా నానిన స్పాంజి తగిలింది. దాని కింద జిగట ఒండ్రు. ఇంకా లోపల, పెచ్చులు పెచ్చులుగా లేచిన తుప్పు.

"ఏ వరదల మునిగిందే ఇది?" అని అడిగాడు లేచి.

దుకాణం ఆయన నేల చూశాడు. "వానకు అద్దం దించి పెట్టినట్టున్నరు అన్న."

"అద్దం దించితె వాన పడ్తది బిడ్డ," అన్నాడు మామ. "ఒండ్రు పడదు."

రోడ్డు మీదికి వచ్చాక శశిధర్ చెయ్యి చూసుకున్నాడు. గోళ్లలో ఇంకా ఆ మట్టి ఉంది. చెయ్యి పెట్టకపోయి ఉంటే? విత్తనాల దుకాణం, నాలుగేళ్ల పొదుపు, అన్నీ ఆ స్పాంజిలో నానిపోయేవి. ఏదో చెప్పాలనిపించింది. మేనమామకు కృతజ్ఞతలు చెప్పే మాట వాళ్లింట్లో ఎవరూ ఎన్నడూ వాడలేదు. అందుకని నడిరోడ్డు మీదే వంగి మామ కాళ్లు పట్టుకున్నాడు.

"లేవర. సూసెటోళ్లు నేను సచ్చిపోయిననుకుంటరు."

శశిధర్ లేవలేదు. మామ కాసేపు గొణిగి, అల్లుడి వీపు మీద చెయ్యి వేశాడు.

తర్వాత సౌమ్యకు ఫోన్ చేశాడు. "కొనలే. మామ ఆపిండు." సంగతంతా చెప్పాడు.

"మామకియ్యి ఫోను," అంది సౌమ్య.

ఆమె ఏమందో శశిధర్‌కు వినపడలేదు. మామ మాత్రం "ఊ... ఊ... సరే బిడ్డ" అన్నాడు. ఫోన్ ఇచ్చేసి, తువ్వాలతో ముక్కు తుడుచుకున్నాడు.

"ఏమన్నది మామ?"

"పొద్దుగూకినంక నాకు సర్వపిండి చేస్తదట," అన్నాడు ముత్తయ్య మామ. "నీకు లేదట."