ఊది తాగించిన సూపు

మా చెల్లెల్ని చంపింది జబ్బు కాదు, మా మేట్రన్. ఈ వృద్ధాశ్రమంలో ఎవరి దగ్గరైనా ఈ మాట నోరు జారితే, "పాపం, పెద్దావిడ దుఃఖంలో ఏదో అంటోంది" అంటారు. నాది దుఃఖం కాదు, కక్ష. బతుకంతా కోర్టులో స్టెనోగా పనిచేసినదాన్ని, దేన్ని ఏమనాలో నాకు తెలుసు.

నేనూ చెల్లీ ఒకే గదిలో ఉండేవాళ్లం. దానికి చేతులు వణికేవి. స్పూను నోటిదాకా వెళ్లేలోపు సగం ఒళ్లో పడేది. అందుకని మేట్రనే స్వయంగా వచ్చి తాగించేది. అంత ఉద్యోగంలో ఉండి మంచం అంచున కూర్చుని, స్పూను స్పూనుకీ ఊది చల్లార్చి, "ఏదీ, నోరు తెరవండి" అంటూ పోసేది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. మహాతల్లి అని పేరు కూడా పెట్టుకున్నాం. అప్పట్లో వెటకారంగా కాదు.

పోయిన చలికాలం మాకందరికీ ఫ్లూ ఇంజెక్షన్లు వేశారు. పనిచేసేవాళ్లు కూడా వేయించుకోవాలని డాక్టరుగారు అన్నారు. మహాతల్లి నవ్వేసింది. "నాకెందుకండీ? గుండ్రాయిలా ఉన్నాను." ఆవిడే వేయించుకోకపోతే ఇక ఆయాలెందుకు వేయించుకుంటారు? తర్వాత గుండ్రాయికి జలుబు చేసింది. ముక్కు చీదుకుంటూ, ఖళ్లుఖళ్లున దగ్గుతూ, సెలవు పెట్టకుండా వచ్చి మా చెల్లికి సూపు ఊది ఊది తాగించింది. ఈ పూటకి నేను తాగిస్తానంటే, "మీరు కూర్చోండి పెద్దమ్మా, నాకిదేం కష్టం?" అంది. రెండు రోజులకి చెల్లికి జ్వరం తగులుకుంది. మళ్లీ లేవలేదు.

మహాతల్లి అక్కడితో నోరు మూసుకుని ఉంటే నేనూ ఏడ్చి ఊరుకునేదాన్నేమో. భోజనాల హాల్లో అందరినీ కూర్చోబెట్టి, "ఇంజెక్షన్ వేయించాం. అయినా పనిచెయ్యలేదు. ఏం చేస్తాం, ఆవిడ ఒంట్లో సత్తువ లేదు" అని తేల్చేసింది. తప్పు మందుదీ, పోయినదానిదీ! అది విని ఈ ఏడాది చాలామంది మాకు ఇంజెక్షనే వద్దన్నారు. నేను డాక్టరుగారిని పట్టుకుని అడిగాను.

"మీ వయసువాళ్లని ఆ మందు పూర్తిగా కాపాడలేదమ్మా, కొంతవరకు కాపాడుతుంది. ఆ కొంతే చాలా ప్రాణాలు నిలబెడుతుంది" అన్నారాయన. "గొడుగు వానకి పనికొస్తుంది. ఎవరో పక్కకొచ్చి బిందెతో కుమ్మరిస్తే గొడుగేం చేస్తుంది? చుట్టూ ఉండేవాళ్లని వేయించుకోమన్నది అందుకే. మీ మేట్రన్‌గారికి కూడా అప్పుడే చెప్పాను."

అంటే ఆవిడకి తెలుసు. తెలిసే తప్పంతా మా చెల్లి ఒంటి మీదకి నెట్టేసింది. తప్పు ఎవరిదో ఆ నోటితోనే చెప్పించాలని ఆ రోజే అనుకున్నాను. కోర్టులో ఇన్నేళ్లూ చూసిందదే. ఫిర్యాదు చేసినవాడు గొంతు చించుకున్నా దండగ, ఒప్పుకోలు రావాల్సినచోట నుంచి రావాలి.

ఈ చలికాలం మొదట్లో మా గదిలో ఖాళీ మంచానికి మనిషొచ్చింది. ఎవరనుకున్నారు? మహాతల్లిని కన్నతల్లి. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఆవిడకీ చేతులు వణుకే. కూతురు దగ్గరుండి, అందరికంటే ముందు వాళ్లమ్మకి ఇంజెక్షన్ వేయించింది. తను మాత్రం ఈసారి కూడా వేయించుకోలేదు.

అందరూ జ్వరం రాకూడదని దండాలు పెట్టుకుంటుంటే నేను నాకు రావాలని పెట్టుకున్నాను. నేను దగ్గుతుంటే, పక్క మంచంలో తల్లిని చూసి ఆ నోరు తెరుచుకోకపోదు. కిటికీ తెరుచుకుని చలిలో కూర్చున్నాను. తుమ్మేవాళ్ల పక్కన చేరి కబుర్లు చెప్పాను. ఏం లాభం? పాడు ఇంజెక్షను నా మీద మాత్రం భేషుగ్గా పనిచేసింది! పైగా ఆ ముసలావిడ మంచిది, అదింకో చిక్కు. "మా అమ్మాయి పుట్టగానే ఏడవలేదు వదినా, నర్సుకి పని పురమాయించింది" అని నన్ను నవ్వించేది. నవ్వినందుకు నా మీద నాకే ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం ఆయా సూపు గిన్నె తెచ్చిపెట్టింది. "ఇవాళ నేను తాగిస్తాను వదినా" అని మంచం అంచున కూర్చున్నాను. వరండాలో మహాతల్లి బూట్ల చప్పుడు వినిపించగానే దగ్గడం మొదలెట్టాను. దగ్గు నటించడం ఏమంత విద్య? ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి స్పూను నింపి, నా నోటి దగ్గర పెట్టుకుని, బుగ్గలు పూరించాను.

"ఊదకండి!" ఒక్క కేక పెట్టింది. ఆయా చేతిలో పళ్లెం కిందపడింది.

"కాలుతోందమ్మాయీ."

"మీకు దగ్గుంది!"

"ఉంటే ఏం? మీ అమ్మకి ఇంజెక్షన్ వేయించావుగా."

"ఇంజెక్షన్ ఒక్కటే చాలుతుందా ఈ వయసులో? దగ్గే మనిషి దగ్గర కూర్చుని తిండి మీద ఊదితే ఆ మందు మాత్రం ఏం ఆపుతుంది? ప్రాణం పోతుంది పెద్దమ్మా!"

అనేసింది. అన్న తర్వాత తనేమందో తన చెవిన పడింది.

"నాకు దగ్గూ లేదు, జలుబూ లేదు" అన్నాను. "ఆ చివరి మాట మళ్లీ చెప్పు. మా చెల్లి ఎలా పోయిందో నీ నోటితో ఇంకోసారి వినాలనుంది."

"క్షమించండి పెద్దమ్మా" అంది. నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అంతవరకే నేననుకున్నది. వాళ్లమ్మ మాట్లాడుతుందని అనుకోలేదు. దిండుకి ఆనుకుని కూతురి వైపే చూస్తూ అడిగింది. "ఈ మంచంలో నాకంటే ముందున్నావిడకి సూపు ఎవరు తాగించారే?"

"నేనేనమ్మా."

"దగ్గుతూనా?"

"దగ్గుతూనే" అంది. ఆయా గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. ఇంక ఆశ్రమమంతా తెలిసిపోయినట్టే. నా కడుపు చల్లబడింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

మహాతల్లి వచ్చి నా చేతిలోంచి స్పూను తీసుకుని తల్లి నోటి దగ్గర పెట్టింది. తల్లి పెదాలు బిగించి మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇంజెక్షన్ వేయించుకునేదాకా నా మంచం దగ్గరికి రాకు" అంది. "స్పూను ఆవిడకిచ్చెయ్."

ఇచ్చేసింది. ముసలావిడ నా వైపు తిరిగి నోరు తెరిచింది. కూతురు గోడకి ఆనుకుని చూస్తుండగా, గిన్నె ఖాళీ అయ్యేదాకా నేనే తాగించాను.