బ్రేక్ వారంలో తాళంచెవి

మా అత్తగారికి ఏటా ఉద్యోగం పోయేది. వారం తిరక్కుండానే మళ్ళీ వచ్చేది. ఆసుపత్రి లాండ్రీలో కాంట్రాక్టు పని ఆవిడది. ఏడాది నిండబోతుందనగా "బ్రేక్" అని ఇంటికి పంపడం, తర్వాత కొత్తమనిషిలా చేర్చుకోవడం. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ మాత్రం "పోనీలేవే, నడుం వాల్చే తీరిక దొరికింది" అనేది. వాల్చింది ఎక్కడ? ఆ వారం కూడా తెల్లారకుండానే లేచి మాయమయ్యేది. అడిగితే "మోకాళ్ళకి నడక మంచిదట" అనేది. నేనూ నమ్మాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఈసారి నిజంగానే మానేసింది. ఏళ్ళ తరబడి ఆగకుండా పనిచేసినవాళ్ళకి చివర్లో గ్రాట్యుటీ అని ఓ మొత్తం ఇస్తారు. ఆ డబ్బుతో వాషింగ్ మెషీన్ కొని, దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలన్నది ఆవిడ కోరిక. ఇంతకు మించి ఆవిడ ఏదీ కోరగా నేను వినలేదు. కాంట్రాక్టరు కుదరదన్నాడు. అందుకే నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని లేబర్ ఆఫీసుకి లాక్కెళ్ళాను.

కాంట్రాక్టరు తరఫున సూపర్‌వైజర్ వచ్చాడు. మంచివాడే, నోరే ఆగదు.

"ఏటా సర్వీసు తెగిపోయింది మేడం. ఏటా కొత్త ఉద్యోగమే" అన్నాడు.

ఆఫీసరమ్మ మా అత్తగారి వైపు చూసింది. ఈవిడేమో చీరకొంగు ముడి విప్పి, ఓ తాళంచెవి తీసి సూపర్‌వైజర్ ముందు పెట్టింది.

"మర్చేపోయాను బాబూ. లాండ్రీ గదిది. ఇక నాకెందుకు?"

నాకు తల కొట్టుకోవాలనిపించింది. మనం వచ్చిన పనేమిటి, ఈవిడ చేస్తున్న పనేమిటి!

"ఇది మీ దగ్గరే ఉండేదా?" ఆఫీసరమ్మ అడిగింది.

"చేరినప్పుడు ఇచ్చారమ్మా. మళ్ళీ ఎవరూ అడగలేదు."

"బ్రేక్ వారంలో కూడానా?"

"మరి తెల్లారేసరికి గది తెరిచి బాయిలర్ వెయ్యొద్దూ? పేషెంట్లకి దుప్పట్లెలా?"

"అవును మేడం!" సూపర్‌వైజర్ ఉత్సాహంగా అందుకున్నాడు. "ఆ ముసలి బాయిలర్ ఈవిడ మాటే వింటుంది. తాళం ఈవిడ దగ్గరుంటే నాకు నిశ్చింత."

అని, నాలిక్కరుచుకున్నాడు.

నేను మా అత్తగారి వైపు తిరిగాను. "ఇదా మీ నడక?"

"నడిచే కదే వెళ్ళాను" అంది.

ఆఫీసరమ్మ నవ్వాపుకుంటూ కలం తీసింది. "బ్రేక్ ఇచ్చింది మీరు, ఆవిడ అడగలేదు. ఆ వారమూ పని చేయించుకున్నారు. ఇది తెగిన సర్వీసెలా అవుతుంది? గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. ఆ వారాల జీతం కూడా."

బయటికొచ్చాక సూపర్‌వైజరే మాకు టీ ఇప్పించాడు. "నా ఉద్యోగం ఊడితే మీ ఇంటికే వస్తానమ్మా" అన్నాడు. "బ్రేక్ అనుకో నాయనా" అంది మా అత్తగారు. టీ ఒలికిపోయేంతగా నవ్వుకున్నాం.

మెషీన్ వచ్చింది. కుర్చీ వేశాను. పిల్లల బట్టలు వెయ్యబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. లోపలికెళ్ళి తన మంచం మీది దుప్పటి తెచ్చింది.

"ఇన్నాళ్ళూ అందరివీ ఉతికాను. ముందు నాది వెయ్యవే" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. దుప్పటి వేసి మీట నొక్కి, ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను.