ఎండని వరుస

"నాలుగు పిడికెళ్లు తెంపుకరమ్మంటే ఇంత లొల్లా?" అని అత్తమ్మ దేవమ్మ మళ్లీ అందుకుంది.

నేను చింతపండు నానబెడుతున్నాను. తెల్లారితే ఎల్లమాస పండుగ. ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, ఐదు రాళ్లను పాండవులని మొక్కి, అక్కడే కూర్చుని, పచ్చి గింజలూ కూరగాయలూ చింతపులుసులో ఉడికించిన భజ్జితో సజ్జరొట్టెలు తినాలి. భజ్జిలోకి పచ్చి శనగలు కావాలి. మా చేన్లో శనగ ఈసారి కూడా ఎండు తెగులుకు పోయింది. నేను కూలికి పోయే పరిశోధన ఫారంలో మాత్రం ఒక వరుస పచ్చగా నిలబడి ఉంది.

"సర్కారు చేనే గద వదినా, ఎవరడుగుతరు?" అన్నాడు మరిది చందర్.

"ఏండ్ల సంది మొక్కలకు చీటీలు కట్టుడే. ఆ ఫారం మనకేమిచ్చింది?" అన్నాడు నా భర్త బస్వరాజ్. "షెడ్లకిస్తే పోరగాండ్లకు కొలువులన్న దొరుకుతయి."

ఫారం భూమిని ఫ్యాక్టరీ షెడ్లకు ఇచ్చే మాట నడుస్తోంది. పండక్కి ఎమ్మెల్యే మా ఊరి చేన్లకు వస్తున్నాడు. ఫారంలో తెగులును తట్టుకునే శనగ కోసం పనిచేసే అలేఖ్య మేడం నన్ను అడిగింది: "మేం చెబితే మా ఉద్యోగాల కోసం అంటారు శోభా. రైతులు అడిగితేనే ఇది ఆగుతుంది. నువ్వు మాట్లాడు." ఇంట్లో చెబితే బస్వరాజ్ నవ్వాడు. "మైకు నువ్వు పడితే భజ్జి ఎవరు వండాలె?"

ఫారంలో కావాలనే తెగులున్న మట్టిలో విత్తుతాం. వరుసకు వరుస ఎండిపోతుంది. దారిన పోయేవాళ్లకు అది పాడుపడ్డ చేను. మేం మాత్రం ఎండనిదాని కోసం వెతుకుతుంటాం. ఇంట్లో నా పని కూడా ఎవరి కంటికీ ఆనదు, ఒకపూట ఆగితే తప్ప. పోయిన ఎల్లమాసకు నేను పొయ్యి దగ్గర ఉండగా చందర్ కంచె దూకి ఒడినిండా శనగ తెచ్చాడు. అవి ఉడికాక గర్వంగా చెప్పాడు: "అంత ఎండింది వదినా. ఎర్ర రిబ్బను కట్టిన వరుసే పచ్చగుండె, మొత్తం పీక్కొచ్చిన." అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను వడ్డించాను. మర్నాడు ఫారంలో మాటలు పడ్డాను. ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చింతపండు గిన్నెను అత్తమ్మ ముందుకు జరిపాను.

"రేపు భజ్జి నేను వండ. ఎమ్మెల్యే ముందట మాట్లాడుత," అన్నాను. గొంతు పెంచలేదు. "పోయినేడు మనం తిన్నవి విత్తనానికి దాసినయి. తెగులుకు నిలవడ్డది ఆ ఒక్క వరుసే. మల్ల మొదటికెళ్లి ఎతికితే ఈయేడు ఇది దొరికింది."

చందర్ తల వంచుకున్నాడు. అత్తమ్మ గిన్నె అందుకుంది.

"నువ్వు గూడ రా అత్తమ్మా," అన్నాను. "ఆ శనగ ఎంత రుచిగుండెనో ఎమ్మెల్యేకు నువ్వే చెప్పాలె."