వీరాంపట్టినం కాలవలో కుట్టు పడవ

ఉప్పళం ఇళ్ళల్లో మంచాలు నీళ్ళలో తేలిన ఏడాది జరిగిన సంగతి ఇది. ముందు తుపాను కొట్టింది. ఆ వెనకే వరద. నీళ్ళు తీశాక ఊరంతా ఇళ్ళు కడుక్కుంటూ ఉంటే, మిల్లులో పనిచేసి దిగిపోయిన కేశవులు మాత్రం తన మోపెడు బండి తుడుచుకుని కాలవ గట్టుకు పోయాడు.

ఆయనకు పడవల పిచ్చి. ఆదివారం వచ్చిందంటే స్నేహితుడు సుబ్బరాయలును వెనక ఎక్కించుకుని, అరియాంకుప్పం ఏరు పాయలుగా చీలిన చోటల్లా తిరుగుతాడు. కట్టేసిన పడవలన్నీ చూడాలి. ఫైబరు బోట్లు ఎవరికి కావాలి? పాతది, ఇప్పుడెవరూ చెయ్యనిది కనబడాలి. అదీ ఇద్దరూ చూస్తేనే చూసినట్టు. ఒక్కడు చూసొచ్చి చెబితే రెండోవాడు ఒప్పుకోడు.

కేశవులు ఇన్నేళ్ళుగా వెతికేది కుట్టు పడవ. ఒక్క మేకు లేకుండా, పలకకు పలకను కొబ్బరి తాడుతో కుట్టిన పడవ. వెనకటి కాలంలో ఓడలు సముద్రంలో దూరంగా ఆగితే, మనుషుల్నీ మూటల్నీ అలల మీద ఒడ్డుకు చేర్చింది ఆ పడవలేనని తాత చెప్పేవాడు. తాత వాటిలో తెడ్డు వేసినవాడు. సుబ్బరాయలు నమ్మితేగా.

"పడవేమన్నా రవికంట్రా, సూదేసి కుట్టేదానికి? మీ తాత కల్లు తాగి చెప్పిన కత అది."

ఇద్దరి జుట్టూ నెరిసిపోయింది. ఆ మాట మాత్రం మారలేదు.

ఆ రోజు సుబ్బరాయలు రాలేదు. తన గాజుల అంగట్లో బురద ఎత్తిపోసుకుంటున్నాడు. కేశవులు ఒక్కడే వీరాంపట్టినం వెనక కాలవ వెంట నడిచాడు. వరద గట్టును కోసేసింది. కోసుకుపోయిన చోట, తుమ్మకంపల మధ్య, బురదలోంచి సగం పైకి లేచి నల్లటి పడవ ముక్కు ఒకటి కనబడింది.

వంగి అరచేత్తో బురద తుడిచాడు. తాడు తగిలింది. ఇంకొంచెం తుడిచాడు. దాని పక్కన ఇంకో తాడు. కంబళి అంచు కుట్టినట్టు, ఈ కొస నుంచి ఆ కొసకు అన్నీ కుట్లే. మేకు కోసం లోపలంతా తడిమాడు. ఒక్కటీ లేదు.

"తాతా!" అని అరిచాడు. కంపల్లో కొంగ లేచిపోయింది. చుట్టూ చూస్తే ఒక్క మనిషి లేడు. ఫోను వరదలోనే చచ్చింది. సుబ్బరాయలును తీసుకురావాలి. మళ్ళీ వచ్చేసరికి చోటు తెలియాలని, తన ఎర్ర తుండుగుడ్డ పడవ ముక్కుకు కట్టి మోపెడు దగ్గరికి పరుగెత్తాడు.

"మళ్ళా దొరికిందా?" అంగట్లో బురద ఊడుస్తున్న సుబ్బరాయలు తల కూడా ఎత్తలేదు. "పోయినేడు రాజుల కాలందని ఒకటి చూపిస్తివే, ఏమాయ? ఎద్దులకు కుడితి పోసే తొట్టి!"

"ఇది కుట్టిందిరా! చేత్తో పట్టి చూసినా."

"నువ్వు చూసినావు. నేను చూసినానా?"

"అందుకే కదరా వొచ్చింది. లెయ్!"

"అంగడి?"

"గాజులు యాడికీ పోవు. లెయ్ రాయలూ!"

కేశవులు రోజంతా మాట్లాడే మాటలు అంతకంటే తక్కువ. సుబ్బరాయలు చీపురు పడేశాడు.

ఇద్దరూ మోపెడు మీద వంతెన ఎక్కేసరికి కింద కాలవలో జేసీబీ పనిచేస్తోంది. దాని కోరల్లో పాత పడవ ఒకటి ఫెళఫెళ విరిగిపోతోంది. వంతెన మీద చేపలమ్మే రాసాత్తిని కేశవులు అడిగాడు.

"ఏందమ్మా అది?"

"వరదకు అడ్డంపడిన పడవలు తీస్తా ఉండారన్నా. నీళ్ళు పోవల్ల కదా. వొద్దనుకున్న పడవకు గుడ్డ కట్టమన్నారు. గుడ్డ ఉంటే విరిచేస్తారు. లేకుంటే ఎవురిదో వాళ్ళు వచ్చి గట్టెక్కించుకోవల్ల."

కేశవులు మోపెడు గట్టు వైపు తిప్పాడు. "నేను తుండు కట్టినా," అన్నాడు.

"యాడ?" అన్నాడు సుబ్బరాయలు.

"దానికే కట్టినా రా!"

మోపెడు గట్టు దిగగానే బురదలో కూరుకుపోయింది. వదిలేసి పరుగెత్తారు. చెప్పులు బురద మింగేసింది. కేశవులు కంపలు దాటేసరికి ఇంకో జేసీబీ చెయ్యి సరిగ్గా ఆ పడవ మీదికే దిగుతోంది. ఆయన ఎగిరి పడవలో దూకి చతికిలబడ్డాడు.

"యోవ్ తాతా! దిగు!" జేసీబీ నడిపే జీవా పైనుంచి కేక పెట్టాడు.

"దిగను."

"గుడ్డ కట్టినారే!"

"గుడ్డ కాదప్పా, నా తుండు! మొహం తుడుచుకునేది!"

"కడితే వొద్దని అర్థం. పడవ ఎవురిది? నీదా?"

ఎవరిదో కేశవులుకేం తెలుసు? అబద్ధం నోటికి రాదు. జీవా మళ్ళీ చెయ్యి దించబోయాడు.

అప్పటికి సుబ్బరాయలు రొప్పుతూ వచ్చి, తిట్టబోయి, ఊపిరి అందక పడవ అంచు పట్టుకున్నాడు. వేళ్ళకు ఏదో తగిలింది. వంగి చూశాడు. కుట్లు తడుముకుంటూ ఆ కొసదాకా పోయాడు. మళ్ళీ ఈ కొసకు వచ్చాడు.

"రేయ్ కేశవా, కుట్టినారురా!"

"చెప్పినా కదా."

"నిజింగా కుట్టినారురా!"

జేసీబీ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తేశాడు. "మాదప్పా! పడవ మాది, తుండు మాది, లోపల కూచున్న ఆ ముసిలోడూ మావోడే!"

జీవాకు నవ్వొచ్చింది. ఇంజను ఆపి దిగి తనూ కుట్లు చూశాడు. "మీదైతే సరే తాతా. రేపు నేనొచ్చేసరికి ఇది కాలవలో ఉండకూడదు. ఉంటే నాకు వేరే దారి లేదు."

ఈ గోలకు రాసాత్తి కూడా గంప దించి వచ్చింది. "తాడేసి లాగబాకండి అన్నా, కుట్లు తెగిపోతాయి. కింద అరటిబొందలు పరిస్తే జారుకుంటా వస్తాది. మావోళ్ళను నేను పిలుస్తా."

మరుసటి రోజు తెల్లవారుతూనే కేశవులు తుపానుకు పడిపోయిన అరటి తోటకు పోయి, బొందలు భుజాన మోసుకొచ్చి, పడవ ముందు వరసగా పరిచాడు. వీరాంపట్టినం వాళ్ళు వచ్చి, ఐలసా అంటూ భుజాలు ఆనించారు. వెనక నెడుతున్నది తక్కువా, అరుస్తున్నది ఎక్కువా సుబ్బరాయలు. పడవ మెల్లగా జారి కొబ్బరి చెట్ల కింద ఇసక ఎక్కింది. కేశవులు పొడుగునా తడిమి చూశాడు. ఒక్క కుట్టూ తెగలేదు. కాని ఎండ పైకొస్తోంది, తాడు ఎండితే చిట్లిపోతుంది. రాసాత్తి దగ్గర బకెట్టు అడిగి తీసుకుని, కాలవలో ముంచి తెచ్చి, ముక్కు నుంచి మొదలుపెట్టి కుట్ల మీద నీళ్ళు పోశాడు.