అద్దం చెరువు

జనగామ టేషన్‌లో బొంబాయి నుంచి చెక్కపెట్టె దిగిందంటే గడీ దొరకు ఆ పూట అన్నం సయించదు. వెట్టిబండి మీద పెట్టె వచ్చేదాకా వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. పెట్టెలో గడ్డి, గడ్డిలో కాగితం, కాగితంలో సీసం సిపాయిలు! ఎర్రకోట్ల వాళ్లు, గుర్రాల వాళ్లు, వేలెడంత ఫిరంగులు. పాతవైతే మరీ మోజు. ఇంగ్లీషోళ్ల సీమలో ఏ పిల్లలో ఆడి పారేసిన సిపాయి ముక్కు చెక్కుకుపోయి వస్తే, దొర సన్న కుంచెతో తనే కొత్త ముక్కు దిద్దేవాడు. ఊళ్లో తన మనుషులు పగలగొట్టిన ముక్కులను మాత్రం ఒక్కనాడూ పట్టించుకోలేదు.

ఆ సిపాయిలను తుడిచే వెట్టి కొమురవ్వది. తనను కని, ఇదే వెట్టి చేస్తూ చచ్చిపోయిన అవ్వ నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి అదొక్కటే. హాలు నడుమ పెద్ద బల్ల, దాని మీద ఇసుక గుట్టలు, రంపపు పొట్టు పచ్చిక, అద్దం ముక్కల చెరువులు. దొర, ఆయన చుట్టాలు ఎప్పటివో సీమ యుద్ధాలు పరుచుకుని, పాచికలేసి, సిపాయిలను జరుపుతూ ఆడేవారు. అద్దం తుడిచేటప్పుడు కొమురవ్వ తల పక్కకు తిప్పుకోవాలి. వెట్టిమనిషి గడీ అద్దంలో మొఖం చూసుకోకూడదని అక్కడి కట్టు. ఇంట్లో ఎలాగూ అద్దం లేదు. అయినా నిజం చెప్పొద్దూ, గుర్రమెక్కి బూర ఊదే సిపాయి అంటే ఆమెకు ముద్దు. వాణ్ణి రెండుసార్లు తుడిచేది.

రైతుల సంఘం పిలుపుతో ఊరంతా వెట్టికి ఎదురు తిరిగింది. ముందు నిలబడ్డది కొమురవ్వ తమ్ముడు యాకయ్య. వాణ్ణి చింతకొమ్మకు వేలాడదీస్తానని దొర ఒట్టు పెట్టుకున్నాడు, పట్నం నుంచి ఒక సర్దారును, గుర్రపు దండును పిలిపించాడు. ఊరోళ్లు బండ్లబాట మీద ముళ్లకంప కొట్టి కాపలా కూర్చున్నారు. గడీలో ఒక కన్ను ఉండాలని సంఘం కొమురవ్వను మాత్రం పని మానొద్దంది.

ఆ పొద్దున గుడ్డ పట్టుకుని హాల్లోకి పోయేసరికి ఆమె గుండె గుభేలుమంది. బల్ల మీద ఉన్నది సీమ కాదు, తమ ఊరు! చీపురుపుల్లల తాటివనం, మట్టి గుడిసెలు, బోడగుట్ట, కట్ట వెనక అద్దం చెరువు. బండ్లబాట దగ్గర డప్పు కొట్టే సిపాయిలు నలుగురే ఉన్నారు. గుర్రాలన్నీ బోడగుట్ట చాటున ఉన్నాయి, చెరువు కింది మళ్ల మీదుగా నేరుగా తమ వాడకేసి మొఖం పెట్టి! లోపలి గదిలో సర్దారు ఉర్దూలో "రేపు తెల్లారంగనే" అనడం కూడా వినిపించింది.

"ఏం చూస్తున్నవే?" గుమ్మంలో దొర.

"దుమ్ము, దొరా. గుర్రాల కాళ్ల కింద మస్తుగున్నది."

"జర పైలం. ఒక్కటి కదిలినా తోలు తీస్త."

"ఒక్కదాన్ని గూడ కదలనియ్య, నీ బాంచెన్."

గుర్రాలన్నిటినీ తుడిచి గడీ బయటపడింది. ఖాళీ కడవ చంకన పెట్టుకుని చెరువుకట్ట మీద నీరటి ఉప్పలయ్య దగ్గరికి ఉరికింది. తూము తీసి మళ్లకు నీళ్లు పారించేది ఆయనే.

"బాపూ, గుర్రాలు బాట మీద రావు. మన మళ్లల్ల నుంచి వస్తయి!"

"అయిపాయె బిడ్డా. కోతలైనంక మళ్లు ఎండి నెర్రెలు బాసినయి. గుర్రాలకు గచ్చు లెక్కుంటది."

"దొర చెరువు అద్దంది బాపూ. అద్దంల నీళ్లు కదలయి. నీ చెరువుల కదులుతయి గద!"

ఉప్పలయ్య పకపకా నవ్వి తూము దిక్కు నడిచాడు.

నల్లరేగడి రాత్రంతా తాగింది. తెల్లారేసరికి పైన కోసిన వరి కొయ్యకాళ్లు ఎండినట్టే కనిపిస్తున్నాయి, కింద అంతా అడుసే. కట్ట చాటున ఆడవాళ్లు ఒడిసెలలు పట్టుకుని, కొంగుల్లో రాళ్లు మూటగట్టుకుని ఊపిరి బిగబట్టారు. బండ్లబాట దిక్కు డప్పు మోగింది. ఎవరూ అటు చూడలేదు.

వచ్చాయి! బోడగుట్ట మీది నుంచి గుర్రాలు దూకుడుగా వచ్చాయి. ముందున్న గుర్రం మోకాలి దాకా దిగబడింది, వెనకది దాని మీద పడింది. బూర ఊదేవాడి బూర సగంలోనే ఆగిపోయింది.

"కొట్టుండ్రే!" కొమురవ్వ గొంతు చెరువు ఆవలికి వినబడింది.

ఒడిసెలలు గింగిరాలు తిరిగాయి, రాళ్లవాన కురిసింది. దండు గుర్రాలను వదిలేసి బురదలో పడుతూ లేస్తూ పారిపోయింది. ఆ కబురు గడీకి చేరేలోపే దొర మోటారు జనగామ దారి పట్టింది.

ఊరంతా కేరింతలు కొడుతూ గడీలో జొరబడింది. బల్లను చూసి యాకయ్య ఎగిరి గంతేశాడు. "అక్కా, గిదంత సీసమే! కరగబోస్తే, గుండ్లు లేక మూలపడ్డ మన నాటు తుపాకులకు ఎన్ని గుండ్లయితయో!"

కొమురవ్వ బూర సిపాయిని చేతిలోకి తీసుకుంది. మనసు ఒక్కసారి పీకింది. వాణ్ణి కొంగుతో తుడిచి తమ్ముడి చేతిలో పెట్టింది. "వీన్ని గూడ తీస్కో. గిప్పుడు మన దిక్కు కొట్లాడుతడు."

తరువాత ఇసుకలోంచి అద్దం చెరువును పెకిలించింది. అలవాటుకొద్దీ తల పక్కకు తిరగబోయింది. ఆపుకుని సూటిగా చూసింది. నుదుటి మీద బురద, చెంపల మీద బురద, మధ్యలో పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న మొఖం.

"యాకయ్యా, గిట్ల రారా!" అని కేకేసింది. "నేను అచ్చం మన అవ్వ లెక్కున్న!"